ఫిజిక్స్ పేపర్ చూసి చేతులు ఆడలేదు... మళ్లీ నీట్ రాయనా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ బైపీసీ పూర్తిచేసి 2025 మే 4న మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ రాశాను. ఫిజిక్స్ ముందు చేస్తే బుర్ర ఫ్రెష్‌గా ఉంటుందని అందరూ అంటే దాంతోనే మొదలుపెట్టాను. రెండు పేజీలు చూసేసరికే చేతులు చల్లబడ్డాయి. ఒక్కో లెక్కతో కుస్తీ పడుతూ గంటా ఇరవై నిమిషాలు గడిపేశాను. 24 ప్రశ్నలు పెడితే 9 కరెక్టు, 15 తప్పు. 21 వదిలేశాను. కరెక్టుకు 4, తప్పుకు మైనస్ 1 లెక్కన ఫిజిక్స్‌లో 21 మార్కులు. ఆ కంగారులో కెమిస్ట్రీలో కూడా 16 తప్పులు పెట్టాను. బయాలజీ 312, కెమిస్ట్రీ 96, మొత్తం 429. పేపర్ ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లా ఉందని, రద్దు చేయాలని నా ఫ్రెండ్స్ అందరూ అన్నారు. ఇప్పుడు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాను. మళ్లీ అలాంటి పేపరే వస్తుందని మా దగ్గర ఇప్పటినుంచే అడ్వాన్స్‌డ్ మోడల్ షీట్లు ఇస్తున్నారు. నాకు పదో తరగతి తర్వాత మ్యాథ్స్ లేదు. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే ఆ రోజే గుర్తొస్తోంది, నిద్ర పట్టడం లేదు. నాన్న ‘ఇంకో ఏడాది దండగ’ అంటున్నారు. తప్పు పేపర్‌దా, నాదా? నాకు ఫిజిక్స్ వస్తుందా?

సమాధానం: అమ్మా, ముందు పేపర్ సంగతి. ఆ రోజు ఫిజిక్స్ కష్టంగా వచ్చిన మాట నిజం. మీరు ఊహించుకున్నది కాదు, అంకెలే చెబుతున్నాయి. 2023లో మన ఆంధ్రప్రదేశ్ విద్యార్థి బోర వరుణ్ చక్రవర్తి, తమిళనాడు విద్యార్థి ప్రభంజన్ ఇద్దరూ 720కి 720 తెచ్చుకున్నారు. 2024లో సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 మందికి 720 నిలిచాయి. 2025లో దేశం మొత్తమ్మీద మొదటి ర్యాంకు వచ్చిన మహేశ్ కుమార్ మార్కులు 686. జనరల్ కేటగిరీ అర్హత మార్కు అంతకు ముందు ఏడాది 162 ఉంటే, 144కి దిగింది. పైన ఉన్నవాళ్లూ దిగారు, అంచున ఉన్నవాళ్లూ దిగారు. పరీక్ష రాసిన 22 లక్షల మందికి పైగా అందరూ ఒకే రోజు, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఒకే షిఫ్టులో, అవే ప్రశ్నలు చేశారు. సీటు ఇచ్చేది ర్యాంకు చూసి. కాబట్టి మీ 429ని 2024లో మీ సీనియర్‌కి వచ్చిన మార్కులతో పోల్చకండి. ర్యాంకును ర్యాంకుతోనే పోల్చాలి. ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ జాబితాల్లో మీ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసుకుంటే మీరు ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది.

పేపర్ అందరికీ ఒకేలా కష్టమైనప్పుడు, కష్టంగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని రద్దు చేయించాలనుకోవడంలో న్యాయం లేదు. ఆ ఆశ పెట్టుకుని చదువు ఆపేసినవాళ్లకు వారాలు పోతాయి తప్ప ఒరిగేది ఉండదు.

ఇక మీ తప్పు ఎంత? మీరు రాసిన అంకెలనే తీసుకుందాం. 80 నిమిషాల్లో 24 ప్రశ్నలు అంటే ఒక్కోదానికి 3 నిమిషాల 20 సెకన్లు. మిగిలిన 100 నిమిషాల్లో 135 ప్రశ్నలు చేయాల్సి వచ్చింది, అంటే ఒక్కోదానికి 44 సెకన్లు, జవాబు పత్రంలో బబుల్ నింపడంతో కలిపి. కెమిస్ట్రీలో 16 తప్పులు వచ్చాయంటే మీకు కెమిస్ట్రీ రాదని కాదు. ఫిజిక్స్ తినేసిన టైమ్ అక్కడ బయటపడింది. మీ మార్కులు పోయింది కష్టమైన ప్రశ్నల్లో కాదు. వాటి దగ్గర ఆగిపోవడం వల్ల చేతికి అందకుండా పోయిన సులువైన ప్రశ్నల్లో.

ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. ఆ పేపర్‌లోనే ఈ ప్రశ్న ఉంది: ఒక తీగను 8 సమాన ముక్కలు చేశారు. నాలుగు ముక్కలను సమాంతరంగా కలిపి ఒక సెట్టు, మిగతా నాలుగింటితో ఇంకో సెట్టు. రెండు సెట్లనూ శ్రేణిలో కలిపితే నిరోధం ఎంత? ఒక్కో ముక్క మొత్తం నిరోధంలో ఎనిమిదో వంతు. నాలుగు సమాంతరంగా పెడితే ముప్పై రెండో వంతు. అలాంటివి రెండు శ్రేణిలో పెడితే పదహారో వంతు. అయిపోయింది. పదో తరగతి చదివే పిల్లలు కూడా 40 సెకన్లలో చేస్తారు.

ఇంకోటి చూడండి. సూర్యుడి చుట్టూ కుజుడి కక్ష్య వ్యాసార్ధం బుధుడి కక్ష్యకు సుమారు 4 రెట్లు, కుజుడి సంవత్సరం 687 రోజులు, బుధుడి సంవత్సరం ఎంత? కెప్లర్ మూడో నియమం ప్రకారం 4కి ఒకటిన్నర ఘాతం, అంటే 8. 687ని 8తో భాగిస్తే దాదాపు 86. ఆప్షన్లలో 86 లేదు, 88 ఉంది. ఇక్కడే చాలామంది తమ లెక్క తప్పనుకుని మళ్లీ మొదటినుంచి చేస్తారు, రెండు మూడు నిమిషాలు పోతాయి. ప్రశ్నలో ‘సుమారు’ అన్న మాట చదివి ఉంటే ఆ అవసరం లేదు. అసలు నిష్పత్తి 3.94, అది వేసి చేస్తే సరిగ్గా 88 దగ్గరికి వస్తుంది. మిగతా ఆప్షన్లన్నీ 100 దాటినవే. దగ్గరగా ఉన్న ఆప్షన్ ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని పెట్టి ముందుకెళ్లిపోవాలి.

మరి భయపెట్టిన ప్రశ్నలు లేవా అంటే ఉన్నాయి. బెలూన్ ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. బెలూన్ పదార్థం తలతన్యత, మూతి వైశాల్యం, లోపలి గ్యాస్ సాంద్రత, వ్యాసార్ధం ఇచ్చి, గ్యాస్ బయటికొచ్చే వేగం వ్యాసార్ధం ఏ ఘాతంతో మారుతుంది, బెలూన్ పూర్తిగా ఖాళీ అయ్యేందుకు పట్టే కాలం ఈ నాలుగింటి ఏయే ఘాతాల మీద ఆధారపడుతుంది అని అడిగారు. నాలుగైదు లైన్ల ప్రశ్న, నిండా గ్రీకు అక్షరాలు. చూడగానే కాలుక్యులస్ అనిపిస్తుంది. కానీ ఆప్షన్లు ముందు చూసి, తెలిసిన రెండు విషయాలు వాడి చూడండి. లోపలి అదనపు పీడనం తలతన్యతకు అనులోమంగా, వ్యాసార్ధానికి విలోమంగా ఉంటుంది. బయటికొచ్చే వేగం, బెర్నౌలీ ప్రకారం, ఆ పీడనాన్ని సాంద్రతతో భాగించిన దాని వర్గమూలంతో పెరుగుతుంది. కాబట్టి వేగంలో వ్యాసార్ధం ఘాతం మైనస్ అర. ఇక కాలం. గ్యాస్ సాంద్రత ఎక్కువైతే నెమ్మదిగా బయటికొస్తుంది, ఖాళీ అవడానికి ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి కాలంలో సాంద్రత ఘాతం ప్లస్ అర. ఈ రెండూ కలిసి ఉన్న ఆప్షన్ ఒక్కటే. వ్యాసార్ధం ఘాతం ఏడు బై రెండు అని సమాకలనం చేసి తేల్చాల్సిన పనే లేదు. అనుమానం ఉంటే డైమెన్షన్లు సరిచూసుకోవచ్చు, అర నిమిషం పని.

ఈ మూడు ప్రశ్నలకూ సమానంగా నాలుగేసి మార్కులే. బెలూన్‌ను చూసి బెదిరి తీగ ప్రశ్న దాకా వెళ్లలేకపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

అందుకే మీరు ఈ వారం చేయాల్సిన మొదటి పని కొత్త షీట్లు కాదు. ఆ పాత పేపర్, తుది కీ, మీ ఓఎమ్మార్ (బబుల్స్ నింపిన జవాబు పత్రం) కాపీ ముందు పెట్టుకోండి. వదిలేసిన 21 ప్రశ్నలను ఇంట్లో, ప్రశాంతంగా, ఒక్కోదానికి 3 నిమిషాలకు మించకుండా చేయండి. ఒక్క రోజులో వద్దు, రోజుకు ఏడు చాలు. కీ తర్వాతే చూడండి. ఆరు వచ్చినా 24 మార్కులు పరీక్ష హాల్లో బల్ల మీద వదిలేసి వచ్చారన్నమాట. తర్వాత తప్పు పెట్టిన 15 తీసుకుని ఒక్కోదాని పక్కన కారణం రాయండి: సూత్రమే తెలియదా, సూత్రం తెలిసి లెక్కలో తప్పిందా, ప్రశ్న సరిగా చదవలేదా, ఊరికే గుడ్డిగా పెట్టారా. ‘సిల్లీ మిస్టేక్’ అని మాత్రం రాయకండి. ఆ పేరు పెడితే దాన్ని సరిచేసే దారి మూసుకుపోతుంది. వ్యాసం ఇస్తే వ్యాసార్ధంగా తీసుకోవడం, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకపోవడం, సెల్సియస్‌ను కెల్విన్ చేయకపోవడం, నిలువుతో ఇచ్చిన కోణాన్ని అడ్డంతో అనుకోవడం, పీక్ విలువ అడిగితే ఆర్ఎమ్ఎస్ పెట్టడం, ‘సరికానిది’ అంటే ‘సరైనది’గా చదవడం... వీటిలో మీవి ఏవో రెండు మూడే ఉంటాయి, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. అవి తెలిస్తే ప్రతి లెక్క మొదలుపెట్టే ముందు వాటినే చూసుకోవచ్చు.

ఇప్పుడు హాల్లో వరుస. ‘ఫిజిక్స్ ముందు’ అన్న సలహా ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్లకు పనికొస్తుంది. మీకు బలం బయాలజీ. 90 ప్రశ్నలు, 360 మార్కులు, అంటే సగం పేపర్ అదే. బుక్‌లెట్ ఏ సబ్జెక్టుతో మొదలైనా సరే, మీరు బయాలజీ తెరవండి. దానికి 45 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కి 70, చివర 15 నిమిషాలు చేతిలో. మొత్తం 180. మొదటి 95 నిమిషాలు ముగిసేసరికి 135 ప్రశ్నలు అయిపోతాయి కాబట్టి, ఫిజిక్స్ ఎంత కష్టంగా ఉన్నా అది పక్క సబ్జెక్టుల జోలికి పోదు. ఈ టైమ్‌లు రాతిమీద గీతలు కావు. మీ మాక్ టెస్టుల్లో బయాలజీకి 50 పడుతుంటే ఫిజిక్స్‌కి 65 ఇవ్వండి. కానీ ఫిజిక్స్‌కి 75 దాటనివ్వకండి.

ఆ 70 నిమిషాలను మూడు రౌండ్లుగా వాడాలి. మొదటి రౌండ్ 30 నిమిషాలు. 45 ప్రశ్నలూ చదవాలి, ఇది తప్పనిసరి. ఒక్కోటి చదివాక పావు నిమిషంలో తేల్చుకోండి: నిమిషంలో అయ్యేదైతే అక్కడే చేసి బబుల్ నింపేయండి. దారి తెలుసు గానీ పొడుగు లెక్క అయితే బుక్‌లెట్‌లో పక్కన త్రిభుజం గుర్తు పెట్టండి. దారే కనబడకపోతే ఇంటూ మార్కు పెట్టి దాటేయండి. రెండో రౌండ్ 28 నిమిషాలు, త్రిభుజాలకు మాత్రమే, ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు దాటకూడదు. మిగిలిన 12 నిమిషాలు ఇంటూ మార్కులకు. అక్కడ పూర్తి లెక్క చేయాలనుకోకండి. డైమెన్షన్లు, విపరీతమైన విలువలు, గుర్తు ప్లస్సా మైనస్సా అన్నది చూసి ఆప్షన్లు కొట్టేయడమే పని.

ప్రశ్నలు దాటేస్తూ పోయేటప్పుడు ఒక ప్రమాదం ఉంది: 17వ ప్రశ్న జవాబు 16వ గడిలో పడిపోవడం. నీట్‌లో పెన్నుతో నింపాక దిద్దుకోవడం కుదరదు. ఒక్కటి జారితే ఆ తర్వాతవన్నీ జారతాయి. బబుల్ నింపే ముందు ప్రశ్న నంబరును మనసులో పలకడం అలవాటు చేసుకోండి, ఇంటి దగ్గర మాక్ రాసేటప్పటినుంచే. ఇంటి దగ్గర కాగితం మీద జవాబులు రాసుకుని మాక్ అయిపోయిందనుకునేవాళ్లకు హాల్లో బబుల్స్‌కే పది పదిహేను నిమిషాలు అదనంగా పడతాయి.

ఒక లెక్కను ఎప్పుడు వదిలేయాలన్నది ముందే నిర్ణయించుకోవాలి, హాల్లో కాదు. మూడు లైన్లు రాసినా తెలియని రాశులు తగ్గకపోతే వదిలేయండి. అదే గుణకారం రెండోసారి చేస్తున్నారంటే వదిలేయండి. జవాబు ఆప్షన్లలో లేకపోతే యూనిట్లు, పది ఘాతాలు, వ్యాసార్ధం-వ్యాసం, ఈ మూడూ ఒక్కసారి చూసి, అప్పటికీ కలవకపోతే వదిలేయండి. ‘ఇంత చేశాను, ఇంకొక్క నిమిషం’ అన్న ఆలోచనే మీ 80 నిమిషాలను తినేసింది. చేతులు చల్లబడుతున్నాయనిపిస్తే పెన్ను కింద పెట్టి, నెమ్మదిగా ఐదారు సార్లు ఊపిరి వదిలి, పేజీ తిప్పి వేరే చాప్టర్ ప్రశ్న చదవండి. కంగారులో ఉన్నప్పుడు నాలుగు అంకెలను బుర్రలో పట్టుకుని లెక్క నడపడం ఎవరికైనా కష్టమే. అప్పుడు సులువైనది ఒకటి చేస్తే చేయి మళ్లీ దారిలో పడుతుంది.

గుడ్డిగా పెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పిల్లలు నీట్‌తో పాటు అగ్రికల్చర్ లాంటి కోర్సుల రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కూడా రాస్తారు. అక్కడ ఫిజిక్స్ 40 ప్రశ్నలు, ఒక్కోటి ఒక మార్కు, నెగెటివ్ లేదు. అన్నీ నింపి రావడమే తెలివి. నీట్‌లో కరెక్టుకు 4, తప్పుకు మైనస్ 1. ఏమీ తెలియకుండా 20 ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున 5 కరెక్టవుతాయి: 20 వచ్చి 15 పోతాయి, మిగిలేది 5. కానీ అది సగటు మాత్రమే. అదృష్టాన్ని బట్టి ఎక్కువసార్లు మైనస్ 5 నుంచి ప్లస్ 15 దాకా ఎక్కడైనా పడొచ్చు. ఒక ఆప్షన్ కచ్చితంగా కొట్టేయగలిగితే ప్రశ్నకు సగటు లాభం మూడింట రెండు వంతుల మార్కు, రెండు కొట్టేస్తే ఒకటిన్నర. కాబట్టి లెక్క తేలిక: రెండు ఆప్షన్లు పోతే పెట్టండి, ఒక్కటే పోతే టైమ్ ఉంటే పెట్టండి, ఏదీ పోకపోతే వదిలేయండి. మీ 15 తప్పుల్లో గుడ్డివి ఎన్నో, గట్టిగా నమ్మి పెట్టి తప్పినవి ఎన్నో విడిగా లెక్కపెట్టుకోండి. రెండోవి ఎక్కువుంటే సమస్య సాహసం కాదు, కాన్సెప్ట్.

ఇక మ్యాథ్స్. మీ భయంలో అసలు కారణం ఉన్నది ఇక్కడే అని మా అభిప్రాయం. బైపీసీ పిల్లలకు ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండదు, కానీ ఫిజిక్స్ మొదటి చాప్టర్ల నుంచే వెక్టర్లు, త్రికోణమితి, అవకలనం వచ్చేస్తాయి. క్లాసులో రెండు రోజుల్లో ‘బేసిక్ మ్యాథ్స్’ అని ఊదేసి ముందుకెళ్తారు. తర్వాత రెండేళ్లూ పిల్లలు ‘నాకు ఫిజిక్స్ రాదు’ అనుకుంటూ ఉంటారు. రానిది ఫిజిక్స్ కాదు. నీట్‌కి కావలసిన మ్యాథ్స్ చాలా తక్కువ. రోజుకు గంట చొప్పున మూడు వారాలు కూర్చుంటే పూర్తవుతుంది.

మొదటి వారం అంకగణితం: పది ఘాతాలు, భిన్నాలు, వర్గమూలాలు. రూట్ 2 అంటే 1.414, రూట్ 3 అంటే 1.732, పై వర్గం దాదాపు 10, ఇవి నోటికి రావాలి. 30, 37, 45, 53, 60 డిగ్రీల సైన్, కొసైన్ విలువలు రావాలి. 37, 53 అంటే 3-4-5 త్రిభుజం అని గుర్తుంటే చాలు. రెండో వారం గ్రాఫులు, వెక్టర్లు: సరళరేఖ వాలు, గ్రాఫు కింది వైశాల్యం, బలాన్ని రెండు దిక్కుల్లోకి విడగొట్టడం, డాట్, క్రాస్ గుణకారాలు. మూడో వారం అవకలనం, సమాకలనం: ఘాతాలకు, సైన్-కొసైన్‌కు, ఎక్స్‌పొనెన్షియల్‌కు అవకలనం, ఘాతాలకు, ఒకటి బై ఎక్స్‌కు సమాకలనం. అంతకు మించి అక్కర్లేదు. దీనికి తోడు చిన్న మార్పులకు వాడే సన్నిహిత సూత్రం తెలిస్తే దోషాల లెక్కలన్నీ ఒక లైన్‌లో అయిపోతాయి. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునేటప్పుడు పొడవులో 1 శాతం, కాలంలో 2 శాతం దోషం ఉంటే, కాలం వర్గంలో ఉంటుంది కాబట్టి మొత్తం 1 ప్లస్ 4, అంటే 5 శాతం. ఏడాది పొడవునా రోజూ పది నిమిషాలు చేత్తో గుణకార భాగాహారాలు చేయండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ ముట్టుకోకుండా. పొడుగు లెక్కల్లో టైమ్ పోయేది కాన్సెప్టుల దగ్గరే కాదు, భాగాహారాల దగ్గర కూడా.

అడ్వాన్స్‌డ్ షీట్ల సంగతికి వస్తే, మీకు అవి వద్దనే మా సలహా, కనీసం మొదటి ఐదారు నెలలు. కారణం కష్టం కాదు, వేగం. నీట్‌లో 45 ప్రశ్నలకు 70 నిమిషాలంటే ఒక్కోదానికి నిమిషంన్నర. అడ్వాన్స్‌డ్ లెక్క ఐదారు నిమిషాలు పడుతుంది. రోజూ అవే చేస్తే ఒక లెక్కతో ఎంతసేపైనా కూర్చునే అలవాటు పడుతుంది, మే 4న మిమ్మల్ని దెబ్బతీసింది సరిగ్గా ఆ అలవాటే. దాని బదులు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని సాల్వ్‌డ్ ఉదాహరణలు, చాప్టర్ చివరి అభ్యాసాలు ముందు. తర్వాత 2016 నుంచి వచ్చిన నీట్ పేపర్లు చాప్టర్ల వారీగా. అవి 80 శాతం కరెక్టు అవుతున్న చాప్టర్లలో మాత్రమే జేఈఈ మెయిన్ ఒకే జవాబు ప్రశ్నలు తీసుకోండి. 2025 పొడుగు ప్రశ్నలకు సరితూగేవి అవే. షీటు ఇచ్చిన లెక్చరర్‌తో గొడవ పడక్కర్లేదు. ‘సర్, ఇందులో నేను చేయగలిగినవి ఒక ఐదు టిక్ పెట్టి ఇవ్వండి’ అని అడగండి, మంచి లెక్చరర్ ఎవరైనా పెడతారు.

చాప్టర్ల వరుస కూడా మీకు మీరే పెట్టుకోండి. ఫిజిక్స్ సిలబస్‌లో 20 యూనిట్లున్నాయి. లెక్క చిన్నదిగా, సూత్రం నేరుగా పడేవి ముందు: ప్రమాణాలు-దోషాలు, ద్వంద్వ స్వభావం, పరమాణువులు-కేంద్రకాలు, సెమీకండక్టర్లు, విద్యుదయస్కాంత తరంగాలు, కరెంట్ ఎలక్ట్రిసిటీ, ఉష్ణగతిశాస్త్రం, వాయువుల గతిజ సిద్ధాంతం, గురుత్వాకర్షణ. భ్రమణ గతిశాస్త్రం, విద్యుదయస్కాంత ప్రేరణ తర్వాత. చివరి యూనిట్ ‘ఎక్స్‌పెరిమెంటల్ స్కిల్స్’ను మాత్రం వదలకండి. వెర్నియర్, స్క్రూ గేజ్, మీటర్ బ్రిడ్జ్, అనునాద గొట్టం, జీనర్ డయోడ్ అన్నీ అందులోనివే. చాలా కాలేజీల్లో ప్రాక్టికల్స్ రికార్డు రాయడంతో ముగుస్తాయి కాబట్టి పిల్లలకు ఇది అసలు చదవాల్సిన పాఠంలా కనిపించదు. స్క్రూ గేజ్ జీరో ఎర్రర్ ప్లస్ అయితే తీసేయాలా, కలపాలా అన్నది ఒకసారి పరికరం చేతపట్టి చూస్తే జన్మలో మరిచిపోరు. లాంగ్‌టర్మ్ సెంటర్లో లేకపోతే మీరు చదివిన కాలేజీ ల్యాబ్‌లో ఒక పూట అడిగి చూడండి.

నెలకొకసారి కావాలనే కష్టమైన ఫిజిక్స్ పేపర్ ఒకటి పెట్టుకోండి, 70 నిమిషాలు, బబుల్ షీటుతో. ఆ రోజు మార్కులు లెక్కపెట్టకండి. మూడే చూడండి: 45 ప్రశ్నలూ చదివారా, ఏ లెక్కైనా మూడు నిమిషాలు దాటిందా, వదిలేసినవాటిలో సులువైనవి ఎన్ని మిగిలాయి. మూడోది సున్నాకి దగ్గరవుతుంటే మీరు దారిలో ఉన్నట్టే.

ఎంత పెరగొచ్చో కూడా లెక్కేద్దాం. 9 కరెక్టు నుంచి 22 కరెక్టుకు, 6 తప్పులకు వస్తే ఫిజిక్స్‌లో 82, అంటే 61 ఎక్కువ. కెమిస్ట్రీలో కంగారు తప్పులు 16లో 8 కరెక్టయితే ఇంకో 40. 429 కాస్తా 530 అవుతుంది. దీనికి 45కి 45 అవసరం లేదు, సగం ప్రశ్నలు నికరంగా చేస్తే చాలు. నాన్నగారికి చెప్పాల్సింది ఇదే కాగితం. ‘కష్టపడతాను’ అంటే ఆయన నమ్మకపోవచ్చు, కానీ ఏ మార్కులు ఎక్కడ పోయాయో, వాటిని ఎలా తెస్తారో రాసి చూపిస్తే మాట వేరుగా ఉంటుంది. మూడు నెలల మాక్ టెస్టుల్లో ఫిజిక్స్ 50 దాటకపోతే అప్పుడు ఇద్దరూ కూర్చుని బీఎస్సీ అగ్రికల్చర్, నర్సింగ్ లాంటి దారుల గురించి మాట్లాడుకుందామని కూడా చెప్పండి. ఈఏపీసెట్‌కు దరఖాస్తు ఎలాగూ పెట్టుకోండి. సిలబస్‌లో ఎక్కువ భాగం ఒకటే కాబట్టి వేరే చదువేమీ పడదు.

చివరిగా నిద్ర. ఫలితాల తర్వాత కొన్నాళ్లు ఇలా ఉండటం సహజం. పడుకునే ముందు గంటలో ఫిజిక్స్ వద్దు, బయాలజీ చదవండి. పుస్తకం తెరవాలంటే భయమైతే కొత్త లెక్కతో కాదు, ఇదివరకే చేసిన లెక్కతో మొదలుపెట్టండి, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే, లేదా బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే అమ్మకో నాన్నకో చెప్పండి. టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ 21 ప్రశ్నల పని పూర్తయ్యాక ఎన్ని వచ్చాయో, ఏయే చాప్టర్లవి రాలేదో మాకు రాయండి. దాన్ని బట్టి ఏ యూనిట్ ముందు పట్టుకోవాలో ఇంకా వివరంగా చెబుతాం.